తొమ్మిదో మలుపు, తిరుగు బండి

పులిగుంట కనుమ మోటారుసైకిళ్ళ ర్యాలీ నలభయ్యోసారి జరుగుతున్న సందర్భంలో దాని చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. ఆ పని చేస్తూ పక్కన రాసుకున్న నమోదుల్లో కొన్ని ఇవి. సంఘం అచ్చువేసిన పుస్తకంలో ఇవి లేవు. పెట్రోలు దాచుకోవడాన్ని నేరం చేసిన నిల్వల చట్టం పోయిన వేసవిలో రద్దయింది. ఇందులోని సంగతుల వల్ల ఇప్పుడు ఎవరి ఇల్లూ పోదు కనుక బయటపెడుతున్నాను. పేర్లు మార్చలేదు.

నమోదు 1

తనంతట తానే నడిచే పల్లకి బండి నన్ను గుండ్లమిట్ట కప్పు అంచుదాకా, అంటే ఎండ ఆపడానికి ఊరి మీద పరిచిన తెరలు ముగిసేదాకా, తెచ్చి ఆగిపోయింది. కప్పు దాటాక ఆఫీసుకు పోయే కాలిబాట దానికి తెలియదు. దారంతా నేను కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను. బండి ఎటు తిరుగుతున్నదో చూసే పని మనుషులకు లేకుండాపోయి చాలా కాలమైంది. మిగతా దూరం గొడుగు వేసుకుని నడిచాను. ఎండ మోకాళ్ళ మీద వేడి గిన్నె పెట్టినట్టుంది.

ర్యాలీ సంఘం ఆఫీసు కప్పు నీడ దాటిన కొంచెం దూరంలో ఉంది. అధ్యక్షుడు సుదర్శనం కప్పు తెరల కాంట్రాక్టరు. మంచి మాటకారి. టీ ఇచ్చి, గోడమీది ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ కథ చెప్పాడు. ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన కథ అది.

నలభై ఏళ్ళ కిందట తుపాను వెనకాలే ఒక వారం పాటు పల్లకీలన్నీ ఉన్నచోటనే ఆగిపోయాయి. కనుమ పైన ఎగువపాలెంలో ఇన్సులిన్ అయిపోయింది. మందు గుండ్లమిట్ట ఆసుపత్రిలో ఉంది, తీసుకెళ్ళేవాళ్ళు లేరు. అప్పటికే పెట్రోలు నిషేధం వచ్చింది, చేత్తో బండి నడపడమూ నేరమే. అయినా ఏడుగురు అటకల మీద, పశువుల కొట్టాల్లో దాచిన మోటారుసైకిళ్ళు బయటికి తీశారు. వెనకసీటుకు మంచుపెట్టెలు కట్టుకుని కనుమెక్కారు. ఆరుగురు చేరారు. ఏడోవాడు తొమ్మిదో మలుపు దగ్గర వెనక్కి మళ్ళాడు.

ఆ మరుసటేడు నుంచి ర్యాలీ. ఏడాదికి ఒక్కరోజు, ఆ ఒక్క దారిలో, మనిషి చేతికి హ్యాండిలు ఇస్తారు. ఇంధన శాఖ సంఘం పేరు మీద బండికి రెండు లీటర్ల చొప్పున సీలువేసిన డబ్బాల్లో పెట్రోలు ఇస్తుంది.

జనం వచ్చేది మాత్రం కొండెక్కేవాళ్ళ కోసం కాదు. ప్రతి ఏడూ ఒక బండికి చీటీ పడుతుంది. ఆ బండి తొమ్మిదో మలుపుదాకా పోయి వెనక్కి రావాలి. దాన్ని తిరుగు బండి అంటారు. కింద కనుమ గేటు దగ్గర ఊరు ఊరంతా స్టీలు పళ్ళేలు పట్టుకుని నిలబడుతుంది. బండి రాగానే పళ్ళేలు మోగిస్తూ ఎగతాళి మొదలు. పొయ్యి మీద పాలు మర్చిపోయినావా అని ఒకరు, కొండ నీ మీదికి దూకిందా అని ఒకరు. ఎవరికి చీటీ పడితే వాళ్ళు ఆ రోజుకు కుళ్ళాయప్పే. ఏడోవాడి పేరది.

చరిత్రలో ఒక వాక్యం మాత్రం తప్పక ఉండాలని సుదర్శనం అడిగాడు: ఏడోవాడు భయపడి మళ్ళాడు అని. భయపడ్డాడని ఎవరు చూశారని అడిగాను. అందరికీ తెలిసిందే కదా మేడమ్ అన్నాడు. ఈ ఉద్యోగంలో ఆ జవాబు నాకు చాలాసార్లు వచ్చింది. రాసుకుంటాను, ఆధారం కింద మాత్రం లెక్కపెట్టను.

నమోదు 2

నేను దిగిన సత్రానికి ఒకామె వచ్చింది. యాభై దగ్గరి వయసు. వేళ్ళ చివర్లు సూది పోట్లతో గట్టిపడి ఉన్నాయి. పేరు ఇమాంబీ. కప్పు తెరలు కుట్టే షెడ్డులో పని. కుళ్ళాయప్ప కూతురు.

కూర్చోమంటే కూర్చోలేదు. ఈసారి ర్యాలీకి తను కూడా పేరిచ్చానని, వాళ్ళ నాయన బండి తన దగ్గరే ఉందని చెప్పింది. వాళ్ళింట్లోంచి ఇంతకుముందు ఎవరూ పేరివ్వలేదు. షెడ్డులో ఆమెను తిరుగు బండి అనే పిలుస్తారట. జీతం కాగితాల మీద ఇంకో ఇమాంబీ ఉంది కనుక గుర్తుకోసం అంటారని, నవ్వకుండా చెప్పింది.

వాళ్ళ నాయన పోయి పదేళ్ళు దాటింది. ఎన్నిసార్లు అడిగినా, వెనక్కి మళ్ళింది నిజమే గదా అనేవాడట. ఇంకో సంగతి కూడా చెప్పింది. నమ్మకం కుదరక రెండోసారి అడిగాను. మొదటి ర్యాలీ నాడు గేటు దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడ్డవాళ్ళలో కుళ్ళాయప్ప కూడా ఉన్నాడట. అందరికన్నా గట్టిగా మోగించాడట. వాళ్ళమ్మ కళ్ళారా చూసి చెప్పిందట.

ఆ వాక్యం తీసెయ్యమని అడగడానికి వచ్చారా అన్నాను.

"తీసెయ్యమని గాదక్కా. తెలుసుకోని రాయమంటాండా. పిరికోడైతే పిరికోడనే రాయి. ఊరు చెప్పిందని మాత్రం రాయొద్దు."

తప్పని తేలితే తీసేస్తానని, ఇంకోటి నిజమని తేలితే అది రాస్తానని మాటిచ్చాను. అంతకుమించి ఇవ్వగలిగింది నా దగ్గర లేదు.

నమోదు 4

సంఘం దగ్గర ఐదో ర్యాలీనాటి రికార్డింగు ఒకటుంది. ఆ రోజుల్లో గేటు కాపలా ఉన్న మనిషి మాటలు. ఆయన ఇప్పుడు లేడు. గొంతు స్పష్టంగానే ఉంది: తెల్లవారకముందే పోయినోడు బాగా పొద్దెక్కినాక దిగినాడు, చప్పుడు లేకుండా దిగినాడు, దొంగ మాదిరి.

ఆ పొద్దున గేటు దగ్గర ఆడుకుంటూ చూసినవాళ్ళు ముగ్గురు ఇంకా ఊళ్ళో ఉన్నారు. వేర్వేరుగా కలిశాను. ముగ్గురూ చప్పుడు లేదన్నారు. ఒకరు మాత్రం, మంచుపెట్టె కూడా లేదు అన్నారు.

కాబట్టి చప్పుడు లేకుండా దిగాడన్నది నిజం. భయపడ్డాడన్నది దానిమీద కట్టిన ఊహ. సుదర్శనం ముందు ఈ తేడా పెడితే, ఎవరికీ వినపడకుండా ఇంట్లో దూరదామనుకున్నాడు, ఇంకేముంది అన్నాడు. కొట్టిపారేయలేకపోయాను. ఈ ఊళ్ళో పుట్టినప్పటినుంచి పల్లకీల్లో తిరిగినవాళ్ళే ఎక్కువ. పల్లకికి చప్పుడుండదు. మోటారుసైకిలు చప్పుడు కూడా, హారన్‌లాగా, నడిపేవాడు కావాలనుకుంటేనే వచ్చేదని వాళ్ళనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

నమోదు 5

ర్యాలీ సాధన చూడ్డానికి వెళ్ళాను. పెట్రోలు ర్యాలీ నాడే ఇస్తారు కనుక సాధనకు చుక్క కూడా ఉండదు. తెల్లవారుజామున, ఎండ రాకముందే, అందరూ బండ్లను రెండో మలుపుదాకా తోసుకుంటూ పోతారు. అక్కడ్నించి ఎక్కి, వాలు మీద జారుతూ దిగుతారు. మళ్ళీ తోస్తారు. హ్యాండిలు అలవాటు కావడానికి ఇదొక్కటే దారి. దీన్ని తోసుడు అంటారు.

ఇమాంబీ బండి వెనక సగం దూరం నేనూ తోశాను. చిన్న బండి, అయినా ఊపిరాడలేదు. పైకెళ్ళాక వెనక కూర్చోమంది. కదిలిన కాసేపటికే చెట్లు వెనక్కి పరుగెత్తడం మొదలైంది. ఆమె భుజాలు గట్టిగా పట్టుకున్నాను. గొలుసు టకటకలు, టైరు కింద ఇసుక నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

గేటు దగ్గర దిగాక అడిగాను: ర్యాలీ రోజున కూడా ఇలాగే, ఇంజను ఆపేసి దిగుతారా?

ఆమె నన్ను చూసి నవ్వింది. "ఉత్త బ్రేకు మీద ఈ కనుమ దిగితే బూడిదే. రెండో మలుపు గాబట్టి సరిపాయ. పైనుంచైతే గేర్లో పెట్టి, ఇంజను పట్టు మీద దిగల్ల. పెట్రోలుంటే ఎవురన్నా ఇంజను ఆపుతారా అక్కా?"

అని, అక్కడే ఆగిపోయింది. ఆమె బండిని స్టాండు మీద వేసి, ట్యాంకు మూత తీసి లోపలికి చూసింది. అందులో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. మూత మళ్ళీ పెట్టింది.

"ఆ పొద్దు మా నాయన ట్యాంకులో పెట్రోలు ల్యాకుండె" అంది.

నమోదు 7

ఆ ఏడుగురిలో బతికున్నది ఒక్కరు, ఓబుళమ్మ. డెబ్బై దాటింది. పెళ్ళి చేసుకోలేదు. అప్పట్లో ఆసుపత్రిలో నర్సు. కప్పు కింద ఇల్లుంది గాని, కప్పు కిందికి మేకల్ని రానివ్వరు కనుక పగలంతా అంచు దగ్గర వాటితోనే ఉంటుంది. మొన్న వెళితే, ఫొటో కావాలంటే తీసుకో, మాటలు లేవంది. ఇవాళ ఇమాంబీని వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఇమాంబీ ఒక్కటే అడిగింది, మా నాయన ట్యాంకు ఎట్ల ఖాళీ అయింది అత్తా అని. ఓబుళమ్మ మేకపిల్ల చెవిలో పేలు చూసింది. తర్వాత చెప్పింది. నేను తిరిగి అడిగి సరిచూసుకున్న మేరకు ఇదీ జరిగింది.

పెట్రోలు మొత్తం కుళ్ళాయప్పదే. నిషేధం వచ్చినప్పుడు కొన్ని డబ్బాలు మేకల కొట్టంలో పూడ్చిపెట్టాడు. ఆ రోజు తవ్వి తీసి ఏడు బండ్లకూ పోశాడు. తుపానుకు దారి తెగి, బురద ఎక్కువై, మంచుపెట్టెల బరువుకు బండ్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తాగేశాయి. ఎనిమిదో మలుపు దాటేసరికి పైకి చేరలేమని అందరికీ తెలిసిపోయింది. తొమ్మిదో మలుపు దగ్గర ఆగారు. కుళ్ళాయప్పది చిన్న బండి, తక్కువ తాగుతుంది, ట్యాంకులో ఇంకా ఉంది. ఎవరూ అడగలేదు. అతనే ట్యాంకు కింద పైపు ఊడదీసి నీళ్ళ సీసాలోకి పట్టి, ఒక్కో బండికీ పోసుకుంటూ వచ్చాడు. తన మంచుపెట్టె విప్పి ఓబుళమ్మ బండికి కట్టాడు. దిగేదానికి పెట్రోలెందుకు అని, తడి గోనెసంచి ఒకటి బ్రేకు కోసం వెనక చక్రానికి రాసుకునేటట్టు కట్టుకుని, కాళ్ళు నేలకు ఆనిస్తూ దిగిపోయాడు.

పల్లకీలు కదిలిన రోజే అధికారులు ఎగువపాలెం వచ్చారు. పెట్రోలు ఎక్కడిదని ఆరుగుర్నీ అడిగారు. పాత ట్యాంకుల్లో మిగిలిపోయింది అని అందరూ ఒకే మాట చెప్పారు. ట్యాంకులో మిగిలితే తప్పులేదు. చేయి మారితే అది నిల్వ, ఇచ్చినవాడు నేరస్థుడు. ఏడోవాడి సంగతేమిటన్నారు. మళ్ళినాడు అన్నారు.

"అది ఆయన్ని కాపాడనీకి అన్న మాట మే" అంది ఓబుళమ్మ. "కిందికొచ్చి చెప్తే, దగ్గొచ్చేదాకా నవ్వినాడు. మొదటేడు పళ్ళెం తీసుకోని గేటుకాడికొచ్చినాడు. నన్ను తిట్టనీకి నాకన్నా బాగా ఎవరికొస్తాది అన్నాడు. మా ఏడుగురికీ అది నవ్వులాట. ఊరికి తెల్దు. ఒగొగరే పోయిరి. నవ్వులాటలో మా సగం పాయ, ఊరి సగం నిలిచిపాయ."

నలభై ఏళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చుగదా అని ఇమాంబీ అడిగింది.

"చెప్తే మీ ఇల్లు పోతాది. కుళ్ళాయప్ప పేరు మీదొచ్చిన ఇల్లు అది. నీకు పేరు గావల్లనా, కప్పు గావల్లనా?"

"రెండూ గావల్ల."

ఓబుళమ్మ మేకల్ని అదిలించుకుంటూ లేచింది.

నమోదు 8

చట్టం మొత్తం చదివాను. ఓబుళమ్మ చెప్పింది నిజమే. పెట్రోలు నిల్వచేసిన మనిషి పేరు మీద కేటాయించిన ఇల్లు, ఆ మనిషి చనిపోయినా, వారసుల చేతిలో ఉన్నా, రద్దవుతుంది. కాలపరిమితి లేదు. ఇల్లు పోయినవాళ్ళను కప్పు బయట బ్యారక్‌లకు పంపుతారు.

ఇమాంబీ ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెప్పాను. ఆమె భర్త బాబయ్య మంచం మీద ఆనుకుని కూర్చుని విన్నాడు. కప్పు పైకెక్కి తెరలు బిగించే పని చేసి చేసి అతని ఊపిరితిత్తులు ఎండకు పోయాయి. మాట్లాడితే రెండు మాటలకొకసారి ఆగాలి. కప్పు బయట ఒక వేసవి కూడా గడవదని డాక్టరు చెప్పేశాడు. పేరు రాయించు, నేను పోతే పోతానని అతనన్నాడు. నోర్మూసుకోని గంజి తాగమని ఆమె అంది.

పెట్రోలు ఎక్కడిదో రాయకుండా, ఇచ్చాడని మాత్రం రాయొచ్చుకదా అని నన్నడిగింది. ఇచ్చాడని రాస్తే చేయి మారిందని రాసినట్టే, చదివిన మొదటి మనిషి అడిగేదే ఎవరిదని, అన్నాను. ఆమె ఒప్పుకుంది. కాసేపటికి, అయితే రాయొద్దక్కా అంది.

సాయంత్రం నా వాక్యం దిద్దుకున్నాను. కారణం తెలియదు అని రాయలేను, తెలుసు కనుక. భయపడి అని రాయలేను, అబద్ధం కనుక. "ఏడో బండి తొమ్మిదో మలుపు దగ్గర మళ్ళింది" అని రాసి ఆపేశాను. ఒక్క అక్షరం తప్పులేదు. మళ్ళీ చదివితే ఊరు చెప్పే కథలాగే ఉంది.

నమోదు 9

ఇమాంబీ సంఘం ఆఫీసుకు వచ్చి, ఈసారి చీటీ వెయ్యొద్దు, తిరుగు బండి నేను నడుపుతానంది. సుదర్శనం నవ్వాడు. మీ ఇంటి పాత్రే గదమ్మా, హక్కు నీదే అన్నాడు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. అది ద్వేషం కాదని నేను చెప్పగలను. సుదర్శనం ఆ వెంటనే, బాబయ్య మందులకు సంఘం నుంచి ఏమైనా కావాలా అని కూడా అడిగాడు. ఆయన అలాంటి మనిషి. తను ఎక్కడ తొక్కుతున్నాడో ఆయనకు తెలియదు, అంతే.

బయటికొచ్చాక ఏం చేయబోతున్నావని అడిగాను. మళ్ళతా అంది. నువ్వు వెనక కూర్చుంటావా, భయమా అని నన్నే ఎదురడిగింది.

నమోదు 12. ర్యాలీ రోజు.

తెలవారగానే పెట్రోలు పోశారు. ఇంధన శాఖ తరఫున హేమచంద్ర అనే యువకుడు వచ్చి ప్రతి సీలూ తనే విప్పించాడు. ఇంజన్లు మొదలయ్యేసరికి జనం చెవులు మూసుకుని నవ్వారు. నా ఎముకల్లోకి ఆ వణుకు ఎక్కింది. ఇమాంబీ వెనక కూర్చున్నాను. ఆమె వెనక చక్రం దగ్గర తడి గోనెసంచి కట్టి ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

తొమ్మిదో మలుపు దగ్గర కొండ పక్కకి జరిగి కొంచెం చదునుంటుంది. అన్ని బండ్లూ అక్కడ ఆగి, తిరుగు బండిని ఈలలతో సాగనంపి పైకెళ్ళడం వాడుక. ఇమాంబీ ఇంజను ఆపింది. దిగి, ట్యాంకు కింద పైపు ఊడదీసి, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి పట్టింది. ఈలలు తగ్గిపోయాయి. ఆమె మొదటి బండి దగ్గరికెళ్ళి మూత తియ్యమంది. ఆ కుర్రవాడు సుదర్శనం వైపు చూశాడు.

సుదర్శనం బండి దిగి వచ్చాడు. "ఏందిది ఇమాంబీ? మళ్ళమంటే మళ్ళల్ల, అంతే గదా."

"మళ్ళతా అన్నా. ఖాళీగా మళ్ళతా."

ఆయన సీసా వైపు చూశాడు, ఊడిన పైపు వైపు చూశాడు, గోనెసంచి వైపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఈ బండ్లు నడుపుతున్న మనిషి. ఇంజను లేకుండా ఈ కనుమ ఎప్పుడు దిగుతారో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముఖంలో రంగు మారింది. తన ట్యాంకు మూత తనే తీశాడు. ఆమె పోసింది. తర్వాత మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే తీశారు. చివరి బండికి వచ్చేసరికి సీసాలో గుక్కెడే ఉంది. అదీ పోసింది.

దిగేటప్పుడు నేను కాళ్ళు నేలకు రాస్తూనే ఉన్నాను. చెప్పులు రెండూ అరిగిపోయాయి. గోనెసంచి కాలిన వాసన వచ్చింది. ఐదో మలుపు దగ్గర ఇసుకలో బండి పక్కకు లాగింది.

గేటు కనిపించింది. పళ్ళేలు లేచాయి. ఇంజను చప్పుడు వినపడితే మోగించడం అలవాటు. ఆ చప్పుడు రాలేదు. కొందరు మోగించారు, పక్కవాళ్ళను చూసి ఆపారు. దీనికి నోరు పడిపోయిందా అని ఒకామె అడిగింది. బండి జారుతూ వచ్చి గేటు ముందు ఆగింది. ఆ రోజుల్లో అక్కడే ఆడుకుంటూ చూసినవాళ్ళలో ఒకరు, గంగన్న అనే ఆయన, పళ్ళెం చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. ఆ పొద్దు గూడా ఇట్లనే వచ్చినాడు, అచ్చం ఇట్లనే అన్నాడు.

హేమచంద్ర వచ్చి ట్యాంకు మూత తీసి చూశాడు. పెట్రోలు ఏమైందని అడిగాడు. పైకి పోయేవాళ్ళకిచ్చినా అంది ఇమాంబీ. సంఘానికిచ్చిన పెట్రోలు కనుక సంఘం బండ్లలో ఏ బండికి పోసినా తప్పులేదన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. గంగన్న మాట అతను కూడా విన్నాడు.

"అంటే ఆ రోజు కూడా ట్యాంకు ఖాళీయే. ఆ పెట్రోలు ఎవరికి ఇచ్చారు? అసలు అది ఎవరిది?"

చెడ్డవాడేమీ కాదు. అడిగింది సరైన ప్రశ్న. నేనైనా అదే అడిగేదాన్ని. ఇమాంబీ నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత అడిగితే తనకూ తెలియదంది.

"నాది" అన్నారెవరో.

ఓబుళమ్మ గేటు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఏటా అక్కడే కూర్చోబెడతారు, దండ వేస్తారు. దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పెట్రోలు నాది. నా మేకల కొట్టంలో పూడ్చిపెట్టినా. ఏడు బండ్లకీ నేనే పోసినా. తొమ్మిదో మలుపుకాడ నాకు తక్కువ పడితే, కుళ్ళాయప్ప నా పెట్రోలు నాకే తిరిగిచ్చి, ఉత్త బండి మీద దిగినాడు. నా వస్తువు నాకిస్తే అది నేరమా సార్?"

కాదన్నాడు హేమచంద్ర. దాచినవాళ్ళది నేరమని, ఆమె ఇల్లు రద్దవుతుందని మెల్లిగా చెప్పాడు. తెలుసు, రాసుకో అంది. అత్తా అంటూ ఇమాంబీ ముందుకు రాబోయింది.

"నువ్వు బండి పక్కకు పెట్టు మే. దోవకు అడ్డం."

హేమచంద్ర నా వైపు తిరిగాడు. చరిత్ర రాస్తున్నారు కదా, మీకు తెలిసిందేమిటని అడిగాడు. ఓబుళమ్మ నన్ను చూడలేదు. దండలోంచి పూలు తెంపుతూ కూర్చుంది. ఆమె చెప్పింది నేను విన్నాను, అదే రాస్తాను అన్నాను. అతను రాసుకున్నాడు.

గంగన్న చంకలోని పళ్ళెం తీసి కింద పెట్టాడు. ఇంకొందరు పెట్టారు. కొందరికి ఏం చెయ్యాలో తోచక పట్టుకునే నిలబడ్డారు.

నమోదు 13

చరిత్రలో ఆ భాగం ఇలా వెళ్ళింది:

"ఏడు బండ్లు బయల్దేరాయి. తొమ్మిదో మలుపు దగ్గర పెట్రోలు చాలలేదు. కుళ్ళాయప్ప తన ట్యాంకు ఖాళీ చేసి, మంచుపెట్టె అప్పగించి, ఇంజను లేని బండి మీద కనుమ దిగాడు. అందువల్ల మిగతా ఆరు బండ్లు ఎగువపాలెం చేరాయి. పెట్రోలు తనదేనని, బతికున్న ఒకే సాక్షి ఓబుళమ్మ ఇంధన శాఖ అధికారి ముందు చెప్పారు."

చివరి వాక్యంలో "చెప్పారు" అన్న మాట మీదే నా ఉద్యోగమంతా నిలబడి ఉంది. సుదర్శనం రాతప్రతి చదివి, ఒక్క చోట కూడా పెన్ను పెట్టకుండా తిరిగిచ్చాడు. ఆయన రాయమన్న వాక్యం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నమోదు 14

ఓబుళమ్మ ఇల్లు రద్దయింది. సామాను బ్యారక్‌కు చేరిన రోజే ఇమాంబీ వెళ్ళి ఆమెను తన ఇంటికి తెచ్చుకుంది. కప్పు కింది ఇంట్లో చుట్టం ఉండకూడదని చట్టంలో ఎక్కడా లేదు. నేనే వెతికి చెప్పాను. మేకల్ని గంగన్న తీసుకున్నాడు.

పుస్తకం ఇవ్వడానికి వెళితే, ఓబుళమ్మ బాబయ్య దగ్గు గురించి, ఇమాంబీ పప్పులో చింతపండు గురించి ఫిర్యాదులు చెప్పింది. నర్సు కనుక బాబయ్య మందులు ఇప్పుడు ఆమె చేతిలోనే ఉన్నాయి. గంట ఆలస్యమైతే అతన్ని కేకలేస్తుంది. ఇమాంబీ పుస్తకం తెరిచి, ఆ భాగం నిలబడే చదివింది. తర్వాత కూర్చుని ఇంకోసారి చదివింది. బాబయ్య చెయ్యి చాపితే పుస్తకం అతనికిచ్చి, కళ్ళు తుడుచుకోకుండానే పొయ్యి దగ్గరికి పోయింది.

నమోదు 17. నలభై ఒకటో ర్యాలీ.

చరిత్ర పని అయిపోయినా వచ్చాను. తిరుగు బండిని ఏం చెయ్యాలని సంఘంలో ఏడాదంతా వాదించుకున్నారట. తీసెయ్యాలని కొందరు, పూలు చల్లాలని కొందరు. చివరికి ఓబుళమ్మను అడిగారు. పూలు చల్లితే కుళ్ళాయప్పకు కడుపునొప్పొస్తాది, తిట్టండి అందట. చీటీ మాత్రం తీసేశారు. అందరికన్నా చిన్న బండి ఏదైతే అదే ట్యాంకు ఖాళీ చేసి మళ్ళుతుంది. ఈసారీ అది కుళ్ళాయప్ప బండే, నడిపేది ఇమాంబీ.

గేటు దగ్గర జనం పళ్ళేలతో నిలబడ్డారు గాని, ఎవరికీ ముందు నోరు రాలేదు. బండి మలుపు తిరిగి, చప్పుడు లేకుండా జారుతూ వస్తోంది. ఓబుళమ్మ కుర్చీలోంచి లేచి, ఒక చేత్తో, ఈసారి పైకి పోకుండా కిందనే ఉన్న సుదర్శనం భుజం పట్టుకుని, ఇంకో చేత్తో గంగన్న పళ్ళెం లాక్కుంది. గేటు ఇనుప కమ్మికేసి కొట్టింది.

"కుళ్ళాయప్పా, దిగనీకన్నా గుక్కెడు మిగిలిచ్చుకోకపోతివే, తెలివిల్యానోడా!"

జనం పగలబడి నవ్వారు. పళ్ళేలన్నీ ఒక్కసారి మోగాయి. ఇమాంబీ బ్రేకు వదిలేసి నవ్వుతోంది. బండి గేటు దాటి ముందుకు పోయింది. సుదర్శనం పరుగెత్తి పట్టుకోవాల్సి వచ్చింది.